నీళ్ళు రావని దేవుడు చెప్పాడా?



వర్షాకాలము వచ్చిందంటే మన లంకలలో ప్రతి ఇంటి చెవి భద్రాచలము వైపే ఉంటుంది. అక్కడ ఎన్ని అడుగులు ఉన్నది? పెరుగుతున్నదా, తగ్గుతున్నదా? తరువాత ధవళేశ్వరము. అక్కడ 11.75 అడుగులు వస్తే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75 వస్తే రెండవది, 17.75 వస్తే మూడవది. అక్షరము రాని మన పెద్దమ్మలకు కూడా ఈ లెక్క నోటికి వచ్చు.

కష్టము వచ్చిన తరువాత ఏడవటము ఒక బాధ. వస్తుందో రాదో తెలియక కూర్చోవటము ఇంకొక బాధ. మేము చూసినంతలో ఈ రెండవదే మనిషిని ఎక్కువగా కృంగదీస్తుంది. వరద ఒక్కటే కాదు. ఆసుపత్రి రిపోర్టు కోసము ఎదురు చూసేవారు, కువైట్‌లో సేటు జీతము ఇస్తాడో ఇవ్వడో తెలియని తల్లులు, రొయ్యల చెరువు మీద అప్పు తెచ్చి ధర పడిపోతుందేమోనని నిద్రపోని రైతులు, అందరూ రెండవ హెచ్చరికకూ మూడవ హెచ్చరికకూ మధ్య ఉన్నవారే. ఇట్టివారికి సంఘము ఏమి చెప్పాలి? కాపరి ఏమి చెప్పాలి? ఈ ప్రశ్నకు మేము ఒకసారి చాలా తప్పుగా జవాబిచ్చాము. అది 2022 జూలైలో జరిగింది. ఇంతవరకు దానిని వ్రాయలేదు. ఈ రోజు వ్రాస్తున్నాము.

ఆ వారము రెండవ హెచ్చరిక ఇచ్చి ఉన్నారు. ఎర్రనీరు కాజ్‌వే మీదికి ఎక్కింది. అయినా చాలామందికి నమ్మకము కలగలేదు. 1953 వరద గాని, 1986 వరద గాని, 2006 వరద గాని ఆగస్టులో వచ్చినవే. జూలైలో అంత నీరు ఎక్కడ నుండి వస్తుంది అని రేవులో పెద్దలు అన్నారు. మేమూ అదే అనుకున్నాము.

ఆ సాయంత్రము మన సంఘములోని ఒక తల్లి మందిరము దగ్గరికి వచ్చింది. భర్త లేడు. కొడుకు తాపీ పనికి హైదరాబాదు వెళ్ళాడు. ఒక పాడి గేదె, దాని దూడ, ఇదే ఆమె జీవనము.

"అయ్యగారండీ, గేదెని గట్టు మీదకి తోలుకెళ్ళిపోమంటారా, ఇంకో రోజు చూడమంటారా?" అని అడిగింది.

మేము ఆమె కొరకు ప్రార్థన చేశాము. ప్రార్థన అయిన తరువాత, "భయపడకమ్మా, నీళ్ళు నీ గడప తొక్కవు, ప్రభువు చూసుకుంటాడు" అన్నాము. ఆమె ఆమేన్ అని ఇంటికి వెళ్ళిపోయింది.

మరుసటి రాత్రి నీళ్ళు ఆమె గడప దాటి పొయ్యి మీదికి వచ్చాయి. పక్కింటి కుర్రవాళ్ళు నాటు పడవ వేసుకొని వెళ్ళి ఆమెను ఎక్కించారు. గేదె ఈదుకుంటూ గట్టు చేరింది. దూడ చేరలేదు. ఆ తరువాత నీరు ఇంకా పెరిగింది. శనివారము 16వ తేదీన భద్రాచలములో 71.3 అడుగులకు చేరింది. ధవళేశ్వరములో 175 గేట్లూ ఎత్తి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీటిని సముద్రములోకి వదిలారు.

ఏటిగట్టు మీద బరకము క్రింద ఉన్న ఆ తల్లిని చూడటానికి మేమూ, అమ్మగారూ వెళ్ళాము. ఆమె చాప మీద కొంచెము జరిగి మాకు చోటు ఇచ్చింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తరువాత అడిగింది.

"నీళ్ళు రావని దేవుడు చెప్పాడా అండీ, మీరు చెప్పారా?"

మాకు నోట మాట రాలేదు. చివరికి, "మేమే చెప్పామమ్మా. దేవుడు చెప్పలేదు. తప్పు మాదే" అన్నాము.

"అదే అనుకున్నానండి. ఆయన అబద్ధమాడడు కదా" అన్నది.

ప్రియులారా, ఆ రోజు ఆ తల్లి మాకు కాపరి అయింది. మా మాట మీద ఆమెకు నమ్మకము పోయింది గాని, దేవుని మీద పోలేదు. దేవునికి స్తోత్రము. అయితే అందరూ అలా నిలువరు. స్వస్థత వచ్చి తీరుతుందని ఎవరో చెప్పగా నమ్మి, మనిషి చనిపోయిన తరువాత మందిరము మెట్లు ఎక్కటము మానేసిన కుటుంబములు మనకు తెలుసు. వారు వెనుకకు జారారని మనము సులువుగా అంటాము. వారిని తోసినది మన మాటే కావచ్చును అని ఎప్పుడైనా ఆలోచించామా?

అందుకే మేము గట్టిగా చెప్పదలచిన మాట ఇది. ధైర్యము చెప్పటము వేరు, జోస్యము చెప్పటము వేరు. దేవుడు ఇవ్వని మాటను దేవుని పేరు మీద ఇవ్వటము ఆదరణ కాదు. అది విన్న రోజు తియ్యగా ఉంటుంది, నీళ్ళు వచ్చిన రోజు విషమవుతుంది. జనవరి 1న తీసుకునే వాగ్దానపు కార్డును మేము తక్కువ చేయటము లేదు. మన మందిరములో కూడా ఇస్తాము. కాని ఆ కార్డును ఏడాది ఫలితములు చెప్పే పంచాంగములాగా చదివితే, దేవుని వాక్యమును మనము చిన్నది చేసినట్టే.

ఇంకొక తప్పు కూడా ఉన్నది. నీళ్ళు వచ్చిన తరువాత, దశమభాగము సరిగా ఇవ్వలేదు గనుకనే, ఉపవాస కూడికకు రాలేదు గనుకనే ఇలా జరిగింది అని చెప్పటము. ఆ వరదలో మన సంఘపెద్ద ఇల్లు కూడా మునిగింది, ఎన్నడూ మందిరము మొగము చూడనివారి ఇల్లు మెరకలో ఉండి నిలిచింది. గోదావరి పల్లము చూసి పారుతుంది గాని, కానుకల పుస్తకము చూసి పారదు. యోబు స్నేహితులు ఏడు దినములు నేల మీద అతని ప్రక్కన మౌనముగా కూర్చున్నంతసేపు మంచి స్నేహితులే. నోరు తెరిచి కారణములు చెప్పటము మొదలుపెట్టిన తరువాతనే వారు అతనికి భారమయ్యారు.

మరి అనిశ్చయమైన కాలములో విశ్వాసము అంటే ఏమిటి? మీ బైబిలు తెరచి అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయము ఒకసారి నిదానముగా చదవండి. వరద ప్రాంతములో ఉన్న మనకొరకే వ్రాసినట్టు ఉంటుంది.

మంచిరేవులు అనే చోట ఓడ ఆగి ఉన్నది. గాలుల కాలము దగ్గర పడింది. ఇప్పుడు బయలుదేరితే నష్టము కలుగుతుంది అని పౌలు చెప్పాడు. అది మొదటి హెచ్చరిక. శతాధిపతి పౌలు మాట కంటె నావికుని మాట, ఓడ యజమానుని మాట ఎక్కువగా నమ్మాడు. తరువాత ఊరకులోను అనే పెనుగాలి పట్టుకున్నది. అనేక దినములు సూర్యుడు లేడు, నక్షత్రములు లేవు. బ్రతుకుతామనే ఆశ కూడా పోయింది. అప్పుడు దేవుని దూత పౌలు దగ్గర నిలిచాడు. ఆ మాటను బాగా గమనించండి. ఒక్క ప్రాణము పోదు, ఓడ మాత్రము పోతుంది. ఓడకు ఏమీ కాదు అని దేవుడు చెప్పలేదు. కనుక పౌలు కూడా చెప్పలేదు. దేవుడు ఎంత చెప్పాడో అంతే చెప్పాడు. 2022లో మేము తప్పినది సరిగ్గా ఇక్కడే.

పదునాలుగవ రాత్రి దాటి తెల్లవారుతుండగా పౌలు ఏమి చేశాడు? 276 మంది ఎదుట రొట్టె పట్టుకొని, దేవునికి స్తుతులు చెల్లించి, తిన్నాడు. అందరినీ తినమన్నాడు. గాలి ఇంకా ఆగలేదు, రేవు ఇంకా కనబడలేదు. అయినా ఆకలితో ఉన్నవారికి అన్నము గుర్తు చేశాడు. అంతకు ముందు నావికులు చిన్న పడవ దింపుకొని తాము మాత్రము తప్పించుకోవాలని చూస్తే, పౌలు వారిని పోనివ్వలేదు. దేవుడు కాపాడతానన్నాడు కదా, నావికులు ఎందుకు అని అనుకోలేదు. దేవుని మాట మీద నమ్మకము, నావికుని చేతిపని, రెండూ ఆయనకు ఒకదానికొకటి అడ్డు కాలేదు.

చివరికి అందరూ ఒడ్డు చేరారు. ఎలా చేరారు? ఈత వచ్చినవారు ఈదుకొని, రానివారు పలకల మీద, విరిగిన ఓడ ముక్కల మీద. అద్భుతము అంటే ఎప్పుడూ సముద్రము పాయలుగా చీలటమే కాదు. కొన్నిసార్లు అది ఒక చెక్క ముక్క రూపములో వస్తుంది. మన ఊరిలో అది పక్కింటి కుర్రవాళ్ళ నాటు పడవగా వచ్చింది. వారిలో ఇద్దరు మన సంఘమువారు కూడా కాదు. మెలితే ద్వీపములో పౌలుకు చలిమంట వేసి చేర్చుకున్నవారు కూడా సంఘస్థులు కారు కదా! ఆ మంట కొరకు పౌలు స్వయముగా పుల్లలు ఏరాడు. దూతను చూసిన అపొస్తలుడు, తడిసిన బట్టలతో వంగి పుల్లలు ఏరుతున్నాడు. మాకు ఈ అధ్యాయములన్నిటిలో ఎక్కువ ధైర్యము ఇచ్చేది ఆ దృశ్యమే.

మన జిల్లాలకు సువార్త తెచ్చినవారు కూడా రేపు ఏమవుతుందో తెలిసి రాలేదు. 1842లో గుంటూరు వచ్చి పని మొదలుపెట్టిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యర్ గారిని మీరు ఎరుగుదురు. 1869లో రాజమండ్రి పని చేయి జారిపోయే స్థితికి వచ్చింది. పంపటానికి మనుషులు లేక దానిని వేరే మిషనుకు అప్పగించాలని అమెరికాలో ఆలోచిస్తున్నారు. అప్పుడు దాదాపు 76 ఏళ్ళ ముసలివాడైన హయ్యర్ గారు లేచి, నేను వెళ్తాను అన్నారు. ఆ వయసులో సముద్రము దాటి ఆ ఏడాది చివరికి రాజమండ్రి చేరారు. 1871లో తిరిగి వెళ్ళిపోయారు, 1873లో ప్రభువు నందు నిద్రించారు. తన తరువాత ఇక్కడ ఎన్ని మందిరములు, బడులు, ఆసుపత్రులు లేస్తాయో ఆయన చూడలేదు. తరువాతివారు వచ్చేదాకా దీపము ఆరిపోకుండా పట్టుకోవటము మాత్రమే ఆయన భాగము. ఆ భాగము ఆయన నెరవేర్చారు. విశ్వాసమునకు ఇంతకంటె పెద్ద సాక్ష్యము ఏమి కావాలి?

2022 తరువాత మన సంఘములో కొన్ని పద్ధతులు మార్చుకున్నాము. అవి మీకు తెలిసినవే, దూరముగా ఉన్న మన బిడ్డల కొరకు మరల చెప్తున్నాము. మొదటి హెచ్చరిక వచ్చిన రోజునే మందిరములో ప్రార్థనకు కూడుతాము. ప్రార్థన అయిన వెంటనే ఒక కాగితము చదువుతాము. ఒంటరిగా ఉన్నవారు ఎవరు, మంచము మీద ఉన్నవారు ఎవరు, నిండు చూలాలు ఎవరు, ఎవరి పశువులను ఎవరు గట్టు మీదికి తోలాలి. ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకము, బైబిలు ఒకే ప్లాస్టిక్ కవరులో పెట్టుకోమని స్త్రీల కూడికలో చెప్తాము. రెండవ హెచ్చరికకు ఎవరినీ చూడండి అనము, కదలండి అంటాము. ఇది అవిశ్వాసమని ఒక సహోదరుడు మమ్మును అడిగాడు. కాదు. హెచ్చరిక కూడా దేవుని కృపే. నోవహు వాన పడక ముందే ఓడ కట్టాడు. వాన పడిన తరువాత కట్టి ఉంటే దానిని విశ్వాసము అనము.

ఇక ఈ రోజు రెండవ హెచ్చరికకూ మూడవ హెచ్చరికకూ మధ్య నిలిచి ఉన్న సహోదరీ, సహోదరుడా, నీతో ఒక మాట. నీ రిపోర్టు ఎలా వస్తుందో మాకు తెలియదు. నీ కొడుకు వీసా వస్తుందో రాదో, నీ చెరువు గట్టెక్కుతుందో లేదో మేము చెప్పలేము. చెప్పగలము అనేవారి దగ్గరకు వెళ్ళవద్దు. కాని ప్రభువు నిన్ను విడిచిపెట్టడు అని మాత్రము నిశ్చయముగా చెప్పగలము. ఆ మాట మేము కల్పించినది కాదు, ఆయన స్వయముగా ఇచ్చి, సిలువ మీద తన రక్తముతో ముద్ర వేసినది. ఓడ పోవచ్చును. ఆయన పోడు. కనుక ఈ రోజు అన్నము తిను. మందు వేసుకో. నీ భయమును దాచుకోక ఎవరితోనైనా చెప్పు. నీ పక్క ఇంటిలో నీకంటె ఎక్కువ భయపడుతున్నవారు ఉన్నారేమో చూడు. నీ చేతికి అందే పుల్ల ఒకటి ఏరు.

ఆ తల్లి సంగతి చెప్పి ముగిస్తాము. నీళ్ళు తీసిన తరువాత ఆమె ఇల్లు కడగటానికి సంఘమంతా వెళ్ళాము. మోకాలి లోతు ఒండ్రు. అందరము పారలు, తట్టలు పట్టుకున్నాము. మధ్యాహ్నము అయ్యేసరికి ఆమె గేదె పాలు పితికి, గట్టు మీద టీ కాచి మా అందరికీ ఇచ్చింది. మాకు గ్లాసు ఇస్తూ, "ఈసారి నీళ్ళొస్తే తెలియదని చెప్పండి అయ్యగారూ, చెప్పి గేదె తాడు మీరూ ఒక చెయ్యి పట్టుకోండి, చాలు" అన్నది. సెమినరీలో మేము చదివిన కాపరత్వము పాఠములన్నిటిలో ఇంత సూటిగా చెప్పినవారు లేరు.

ప్రార్థన చేసుకుందాము. ప్రభువా, నీవు ఇవ్వని మాటను నీ పేరు మీద ఇచ్చినందుకు మమ్మును క్షమించుము. మా మాటల వలన గాయపడి దూరమైనవారిని నీవే వెదకి తీసుకొని రమ్ము. రేపటిని గూర్చి తెలియని నీ బిడ్డలకు ఈ రాత్రి నిద్రను, రేపు ఉదయమున లేచుటకు బలమును దయచేయుము. ఒంటరిగా ఉన్నవారి తాడు పట్టుకొనుటకు మా చేతులను సిద్ధపరచుము. యేసు నామమున అడుగుచున్నాము తండ్రీ, ఆమేన్.

ప్రభువు సేవలో,
మీ కాపరి