ఎస్సెల్సీ అయ్యాక మన వికలాంగ బిడ్డలు ఎక్కడికి పోవాలి?



పోయిన ఏడాది నాతో ఒకే షిఫ్టులో పనిచేసే పావగడ తాలూకా సోదరుడొకరు మిఠాయిలు పంచాడు. చెవులు వినపడని ఆయన కూతురు ఎస్సెల్సీ ప్యాసయింది. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, మధ్యలో తనకు తానుగా నేర్చుకున్న చేతిసైగలు. వీటితోనే ఆ పిల్ల అంతదూరం వచ్చింది. ఈ ఏడాది "పాప ఏం చేస్తోంది?" అని అడిగితే ఆయన తల వంచుకున్నాడు. "ఏం చేస్తాదన్నా, ఇంట్లోనే ఉండాది. మేపేకి గొర్రెలు కూడా లేవు" అన్నాడు.

ఆ చివరి మాటను తేలిగ్గా తీసుకోవద్దు. వెనకటి రోజుల్లో సేద్యపు ఇంట్లో కాలు సరిలేని కొడుక్కైనా, మాటరాని కూతురికైనా ఏదో ఒక పని ఉండేది. మేకలు కాచేవారు, శెనక్కాయలు ఒలిచేవారు, మగ్గాలున్న ఇళ్లలో కండెలు చుట్టేవారు. కరువు మీద కరువు వచ్చి సేద్యం చితికిపోయింది. తిరుమణి చుట్టుపక్కల సుమారు 13,000 ఎకరాలు సోలార్ పార్కుకు కౌలుకు పోయాయి. అక్కడ 2,050 మెగావాట్ల కరెంటు పుట్టించే ఏర్పాటు ఉంది. భూమి ఉన్నవారికి కౌలు వస్తోంది. భూమి లేనివారికి మాత్రం కూలి తగ్గింది, మేకలకు బీడు తగ్గింది. పాత పని పోయింది, కొత్త పనిలోకి రమ్మని పిలిచేవారు లేరు. మిగిలింది బడి ఒక్కటే. అది కూడా పదహారో ఏట చేయి వదిలేస్తోంది.

ఇది పూర్వజన్మ కర్మ అని మనలో ఇంకా కొందరు అనుకుంటున్నారు. పావగడ బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువని అక్కడ పుట్టిన వారందరికీ తెలుసు. పళ్లు గారపట్టడం, కాళ్లు వంకరపోవడం, నడుము పట్టేయడం ఆ నీళ్లు చేసే పని. మంచినీళ్లు ఇవ్వని పాలకుల తప్పును బిడ్డ తలరాత మీదికి నెట్టడం న్యాయం కాదు. ఇప్పుడు "దివ్యాంగులు" అని గౌరవంగా పిలుస్తున్నారు, సంతోషమే. కానీ పేరు మారినంత మాత్రాన పని దొరకదు.

చట్టం లేక కాదు. వికలాంగుల చట్టం 1995లో వచ్చింది. దాని స్థానంలో 2016లో మరింత విస్తృతమైన చట్టం వచ్చింది. 18 ఏళ్లదాకా ఉచిత విద్య అని రెండింటిలోనూ ఉంది. ప్రభుత్వ ఉద్యోగాల్లో వాటా 3 శాతం నుంచి 4 శాతానికి పెరిగింది. మరి మన మిల్లుల మాటేమిటి? ప్రైవేటు యాజమాన్యాలు కనీసం 5 శాతం వికలాంగులను పనిలో పెట్టుకునేలా ప్రభుత్వం ప్రోత్సాహకాలు ఇవ్వాలని 1995లో రాశారు. 2016లోనూ అదే రాశారు. కానీ "ఆర్థిక స్తోమతను బట్టి" అని పక్కనే ఒక మెలిక పెట్టారు. ఆ మెలికను విప్పాలని మనం ఏనాడైనా అడిగామా? బోనస్ కోసం గేటు ముందు కూర్చున్నాం, డీఏ కోసం కూర్చున్నాం. మన డిమాండ్ల పత్రంలో ఈ బిడ్డల ఊసే లేదు. ఇది మన లోపం, ఒప్పుకుందాం.

"ఉన్నవారినే ఇంటికి పంపుతున్న రోజుల్లో వికలాంగులకు పనెక్కడిది?" అని కొందరు అడగవచ్చు. మన షెడ్డు వైపే చూడండి. రింగ్ ఫ్రేముల రొదలో ఎవరి మాట ఎవరికి వినపడుతోంది? మనమంతా సైగలతోనే కదా పని నడుపుతున్నాం! వైండింగ్, చెకింగ్, ప్యాకింగ్, స్టోరు లెక్కలు, దారాలు కత్తిరించడం - వీటిలో చెవులు వినపడనివారు చేయగలిగిన పనులున్నాయి, కాలు సరిలేనివారు కూర్చుని చేయగలిగినవీ ఉన్నాయి. లేనిదల్లా నేర్పేవాడు, ఓర్పుగల సూపర్‌వైజర్, ర్యాంపు, సరైన మరుగుదొడ్డి. అయితే ఒక జాగ్రత్త. జాలి పేరు చెప్పి సగం కూలికి పెట్టుకునే యజమానులూ ఉంటారు. సమాన పనికి సమాన వేతనం అన్న మాటను ఇక్కడా వదలరాదు.

తల్లిదండ్రులుగా మనం చేయవలసిందీ ఉంది. పదో తరగతి ఫలితాలు వచ్చాక వెతుక్కోవడం కాదు, బిడ్డకు పద్నాలుగో ఏట నుంచే దారి వేయాలి. యూడీఐడీ కార్డు దేశమంతటా చెల్లుతుంది, ముందు అది చేయించండి. ఊరు వదిలి వచ్చినవారికి అది మరీ అవసరం. గ్రామ పంచాయితీ స్థాయిలో వికలాంగుల పునర్వసతి కార్యకర్త ఉంటారు, వారిని కలవండి. కేంద్ర కార్మిక శాఖ కింద వికలాంగుల కోసం జాతీయ కెరీర్ సర్వీస్ కేంద్రం బెంగళూరులో ఉంది. బిడ్డ ఏ పనికి తగునో అక్కడ పరీక్షించి చెబుతారు, శిక్షణకు దారి చూపుతారు.

మరో రెండు హక్కులు మనలో చాలామందికి తెలియవు. మన సంపాదన మీదే పూర్తిగా ఆధారపడిన వికలాంగ సంతానానికి, వయసు ఎంతైనా, ఆ వైకల్యం ఉన్నంతకాలం ఈఎస్ఐ వైద్యం అందాలి. 1995 నాటి ఉద్యోగుల పెన్షన్ పథకంలో సభ్యుడు చనిపోతే, శాశ్వతంగా, సంపూర్ణంగా వికలాంగులైన కొడుకుకు గానీ కూతురికి గానీ వయసుతో నిమిత్తం లేకుండా నెలనెలా పెన్షన్ వస్తుంది. "మేం పోయాక వీడి గతేమిటి?" అని రాత్రిళ్లు నిద్రపట్టని తల్లిదండ్రులు ఈ సంగతి తెలుసుకోవాలి. మీ కాగితాల్లో బిడ్డ పేరు ఉందో లేదో ఈ వారమే చూసుకోండి.

రాబోయే వేతన ఒప్పందంలో మన యూనియన్ ఈ మూడు కోర్కెలు పెట్టాలని ప్రతిపాదిస్తున్నాను:

1. ప్రతి మిల్లులో ఏటా కొన్ని శిక్షణ స్థానాలు వికలాంగ యువతకు కేటాయించాలి. స్టైపెండు అందరితో సమానంగా ఇవ్వాలి.

2. శిక్షణ పూర్తిచేసినవారికి ఖాళీల్లో మొదటి అవకాశం ఇవ్వాలి.

3. బిడ్డను సర్టిఫికెట్ల కోసం తిప్పే తల్లిదండ్రులకు జీతంతో కూడిన సెలవు ఇవ్వాలి. పావగడ నుంచి జిల్లా కేంద్రం తుమకూరు దాదాపు 100 కిలోమీటర్లు. ఒక్కసారి పోయివస్తే ఒకరోజు కూలి పోయినట్టే.

ఆ సోదరుడి కూతురు పదేళ్లు బడికి పోయింది ఇంట్లో మూల కూర్చోవడానికి కాదు. ఆమె చేతికి పని ఇప్పించడం దానధర్మం కాదు, మన యూనియన్ బాధ్యత. వచ్చే సర్వసభ్య సమావేశంలో ఈ మాట ఎత్తుదాం. మీ ఇంట్లో, మీ ఊళ్లో ఇలాంటి బిడ్డలు ఎందరున్నారో లెక్క రాసుకుని రండి.