పేటెంట్ వచ్చాక ఏం చేశారు?

విశ్వవిద్యాలయాల వార్షిక నివేదికల్లో ఈమధ్య పేటెంట్ల సంఖ్యకే పెద్దపీట. కేంద్ర ప్రభుత్వం ఇచ్చే ఎన్‌ఐఆర్‌ఎఫ్ ర్యాంకులకు ఆ లెక్క కావాలి మరి. 2021లో విద్యాసంస్థలకు పేటెంట్ ఫీజులు 80 శాతం తగ్గాక దరఖాస్తు పెట్టడమూ తేలికైంది. మంజూరైన పేటెంటు ఎవరి చేతికి, ఏ షరతులమీద వెళ్లిందో అడిగేవాళ్లే తక్కువ. బయోటెక్నాలజీలో అసలు కథంతా అక్కడే ఉంది.

స్టాన్‌ఫర్డ్‌కు చెందిన స్టాన్లీ కోహెన్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసే హెర్బర్ట్ బోయర్ కలిసి ఒక జీవి జన్యువును కత్తిరించి బ్యాక్టీరియాలో పెంచే పద్ధతి కనిపెట్టారు. పరిశోధన పత్రం 1973 నవంబరులో అచ్చయింది. పేటెంటు ఆలోచన మాత్రం స్టాన్‌ఫర్డ్‌లో లైసెన్సుల వ్యవహారం చూసే నీల్స్ రైమర్స్‌ది. పేపర్లో వార్త చూసి ఆయన వెంటపడితే కోహెన్ మొదట తటపటాయించాడు. ఎందరి కృషిమీదో నిలబడ్డ పనికి తామిద్దరమే హక్కుదారులం ఎలా అవుతామన్నది ఆయన సంకోచం. చివరికి ఏడాది గడువు ఇంకొద్ది రోజుల్లో తీరుతుందనగా దరఖాస్తు పడింది. అచ్చయ్యాక ఏడాది వెసులుబాటు అమెరికా చట్టంలో ఉంది కాబట్టి సరిపోయింది. బయటి దేశాల్లో హక్కు అప్పటికే పోయింది.

తర్వాత స్టాన్‌ఫర్డ్ చేసిన పనే నాకు నచ్చేది. 1981లో అడిగిన ప్రతి కంపెనీకీ లైసెన్సు ఇచ్చింది. చేరడానికి 10 వేల డాలర్లు, ఏటా మరో 10 వేలు, సరుకు అమ్ముడయ్యాక స్వల్ప రాయల్టీ. కోర్టుకెళ్లడం కంటే కట్టేయడమే చౌక అనిపించే ధర! విద్యాసంస్థల ప్రయోగశాలల్ని పైసా అడగలేదు. 1997లో గడువు తీరేలోగా 468 కంపెనీలు లైసెన్సు తీసుకున్నాయి, 25 కోట్ల డాలర్లకు పైగా వచ్చింది.

అమెరికాలోనే యూటాలో జరిగింది ఇందుకు పూర్తిగా వ్యతిరేకం. అక్కడి విశ్వవిద్యాలయ పరిశోధనల్లోంచి పుట్టిన మిరియడ్ సంస్థ, రొమ్ము క్యాన్సర్ ముప్పు చెప్పే బీఆర్‌సీఏ జన్యువుల పేటెంట్లను గుప్పిట్లో పెట్టుకుంది. పరీక్ష ఖరీదు 3 వేల డాలర్లు దాటింది. ఫలితం మీద అనుమానమొస్తే మరో ల్యాబుకు వెళ్లే దారే లేదు. సహజంగా ఉన్న డీఎన్‌ఏను విడదీసినంత మాత్రాన పేటెంటు చెల్లదని అమెరికా సుప్రీంకోర్టు 2013లో తేల్చేదాకా ఆ పరీక్ష అవసరమైన స్త్రీలకు అదే గతి.

మన చట్టం ప్రకృతిలో ఉన్నదాన్ని కనుగొన్నంత మాత్రాన పేటెంటివ్వదు. మంచిదే. కానీ అమెరికాలా ఏడాది వెసులుబాటూ ఇక్కడ లేదు. దరఖాస్తుకు ముందే పీహెచ్‌డీ సిద్ధాంతగ్రంథం శోధ్‌గంగ వెబ్‌సైటులో అందరికీ కనబడిందంటే, కొత్తదనం పోయినట్టు. ఈ సంగతి గైడ్లు విద్యార్థికి మొదటి ఏడాదే చెప్పాలి.

లైసెన్సు అందరికీ ఇవ్వడం అన్నిచోట్లా కుదరదు. టీకాల్లాంటివాటిలో మనుషులపై పరీక్షలకే కోట్లు ఖర్చు. పోటీ వస్తుందంటే కంపెనీ ముందుకు రాదు. అలాంటప్పుడు ఒక్కరికే ఇవ్వొచ్చు, ధర ముందే మాట్లాడుకోవాలి. ఢిల్లీ ఎయిమ్స్‌లో నవజాత శిశువుల నుంచి తీసిన 116ఈ వైరస్‌తో హైదరాబాద్‌లో భారత్ బయోటెక్ తయారుచేసిన రోటావాక్ టీకాకు 2013లో ప్రకటించిన ధర డోసుకు ఒక డాలరు.

పేటెంట్లు లెక్కపెట్టే ర్యాంకింగు ఫారంలో మరో మూడు గడులు కావాలి: లైసెన్సు ఎవరికిచ్చారు, ఎన్నేళ్లకు, ప్రజల డబ్బుతో పుట్టిన ఆ వస్తువు ప్రజలకు ఏ ధరకు అమ్ముతున్నారు.