అతుకుల బొంత

తెలుగులో ఒక రచనను నిందించదలచినప్పుడు "అతుకుల బొంత" అంటాము. ఉర్దూ మాట్లాడేవారు పేద ఇంట పుట్టిన ప్రతిభావంతుణ్ణి మెచ్చుకోదలచినప్పుడు "గుదడీ కా లాల్" అంటారు. బొంతలో దొరికిన మాణిక్యమని దాని అర్థం. ఒక భాష బొంతను నిందకు వాడుకున్నది. మరొక భాష మాణిక్యాన్ని మెచ్చి బొంతను విడిచిపెట్టినది. ఈ రెండు భాషలకూ నిలయమైన మన సంచికలో ఆ బొంత పక్షాన నాలుగు మాటలు వ్రాయటం అప్రస్తుతం కాదని భావిస్తున్నాను.

ఒక చలికాలపు రాత్రి వసతిగృహంలో ఒక విద్యార్థి పలుచని దుప్పటి కప్పుకొని వణుకుతూ ఉండటం చూచాను. అతని పెట్టె అడుగున చక్కని బొంత మడతపెట్టి ఉన్నది. ఎవరు కుట్టారని అడిగితే, "మా అమ్మీ సార్" అని తల వంచుకున్నాడు. ఆ తలవంపు నన్ను బాధించినది. ఎందుకనగా, ఎం.ఏ. చదువుకు బయలుదేరిన నాడు మా దాదీమా చేతికిచ్చిన బొంతను నేనూ ఇలాగే సిగ్గుపడి ఇంటివద్దనే విడిచి వెళ్ళాను. ఆమె ఒక్క మాటయినా అనలేదు. ఆ మౌనమే నేటికీ నన్ను వెన్నాడుతూ ఉన్నది.

బొంత కుట్టటం తెలివిలేని పని కాదు. వాడి వాడి మెత్తబడిన చీరలను పొరలుగా పరచి, పైన ముక్కలు అమర్చి, పొరలన్నిటినీ పట్టి ఉంచేటట్లు వరుస కుట్లు వేయాలి. ముతక గుడ్డ ప్రక్కన నాసి గుడ్డ చేర్చితే ఆ నాసి గుడ్డ ముందు చిరుగుతుంది. ఉతకని కొత్త ముక్క చేర్చితే తరువాత కుంచించుకొనిపోయి బొంతనంతా ముడుతలు పడవేస్తుంది. రంగు దిగే గుడ్డ ఏదో, దిగనిది ఏదో ముందే తెలిసి ఉండాలి. ఇంత లెక్క తెలిసిన స్త్రీని మనము "చదువురానిది" అంటున్నాము!

అతుకుల వస్త్రానికి గౌరవమైన చరిత్ర కలదు. బౌద్ధభిక్షువుల చీవరాన్ని మగధదేశపు వరిమళ్ళ తీరున ముక్కలు కలిపి కుట్టాలని వినయపిటకం చెబుతున్నది. పదకొండవ శతాబ్దంలో హుజ్వీరీ తన 'కష్ఫుల్ మహజూబ్' గ్రంథంలో సూఫీల అతుకుల అంగీని గురించి ప్రత్యేకంగా ఒక అధ్యాయమే వ్రాశాడు. కర్ణాటకలోని ఉత్తర కన్నడ జిల్లాలో, ఆఫ్రికా సంతతివారైన సిద్దీ స్త్రీలు తమ బొంతను అంచున మొదలుపెట్టి, చుట్టూ తిరుగుతూ నడుమకు కుట్టుకొని వస్తారు. మూలలలో పువ్వువంటి ముక్కలు చేర్చనిదే అది పూర్తి అయినట్లు భావించరు. మన తెలుగు నేలపై దూదేకులవారు వింటినారతో దూది ఏకి పరుపులకు, రజాయిలకు ప్రాణం పోశారు. యంత్రం వచ్చి ఆ నారి చప్పుడు అణగిపోయినది.

అమెరికాలో అలబామా రాష్ట్రపు గీస్ బెండ్ అనే పల్లె కథ మరింత తలచదగినది. అక్కడి నల్లజాతి స్త్రీలు, బానిసల సంతతివారు, చిరిగిన పనిబట్టలతో బొంతలు కుట్టుకొన్నారు. 1966లో ఆ ప్రాంతపు స్త్రీలు ఒక సహకార సంఘం ఏర్పరచుకొన్నారు. 1972లో ఒక పెద్ద వ్యాపారసంస్థకు కార్డురాయ్ గలేబులు కుట్టి ఇచ్చే పని ఆ సంఘానికి లభించినది. ఆ పనిలో మిగిలిన ముక్కలు ఇండ్లకు చేరి కొత్త బొంతలయినాయి. 2002లో ఆ బొంతలను, కుట్టినవారి పేర్లతో సహా, హ్యూస్టన్, న్యూయార్క్ నగరాల కళాప్రదర్శనశాలలలో వ్రేలాడదీశారు. 2006లో అవి తపాలాబిళ్ళలపైకి కూడా ఎక్కాయి.

ఇక బొంత కుట్టగా మిగిలిన పీలికల సంగతి. వాటిని కూడా పారవేయనక్కరలేదు. పొడుగు పీలికలను జడగా అల్లి, చుట్టలు చుట్టి కుట్టితే కాళ్ళు తుడుచుకునే పట్టా అవుతుంది. నూలు పడుగుపై అవే పీలికలను పేకగా నేస్తే దరీ అవుతుంది. బిందె నెత్తిన పెట్టుకొనే చుట్టకుదురుకు, పిల్లల గుడ్డబొమ్మకు, పాత పుస్తకపు వీపు అతకటానికి చిన్న ముక్కలు చాలు. వంటింటి మసిగుడ్డకు మాత్రం నూలుగుడ్డ తప్ప మరొకటి పనికిరాదు. పాలియెస్టరు వేడికి కరిగి చేతిని కాలుస్తుంది. అన్నిటికన్న చిన్న నూలు ముక్కలకు కూడా గతి ఉన్నది. దౌలతాబాదు సమీపాన ఉన్న కాగజీపురాలో నూలుపేలికల గుజ్జుతో చేతికాగితం చేసే సంప్రదాయం శతాబ్దాలనాటిది. బొంత కావలసిన గుడ్డ పుస్తకం కూడా కాగలదన్నమాట!

"మీరు పేదరికాన్ని పొగడుతున్నారు" అని ఎవరైనా ఆక్షేపించవచ్చు. ఆ ఆక్షేపణ న్యాయమైనదే. కప్పుకోవటానికి వేరొకటి లేక బొంత కుట్టుకొన్న తల్లికి ఆ లేమి సుఖమేమీ కాదు. నేను గౌరవించమంటున్నది లేమిని కాదు, లేమిలోనూ చెడిపోని పనితనాన్ని. అంతేకాదు, నేడు పట్టణాలలో అదే బొంతను కళాఖండమని పెద్ద వెలకు అమ్మేవారున్నారు. కుట్టిన చేతికి రోజుకూలి అయినా గిట్టనప్పుడు ఆ పొగడ్త మరొక రకం దోపిడి అవుతుంది.

కావున నా విన్నపం స్వల్పమైనది. రాబోయే వార్షికోత్సవంలో చిత్రలేఖనాల సరసన మన విద్యార్థుల తల్లులు, నానమ్మలు, అమ్మమ్మలు కుట్టిన బొంతలను కూడా ప్రదర్శించాలి. ప్రతి బొంత క్రింద కుట్టినవారి పేరు తెలుగులోను, ఉర్దూలోను వ్రాయాలి. ఎవరైనా కొనగోరితే, పట్టిన దినాలు లెక్కించి కూలి కట్టి వెల చెప్పాలి.

నాకు ఇక ఆ అవకాశం లేదు. మా దాదీమా గతించినది. నేను విడిచి వచ్చిన బొంత ఏమయినదో ఇంట ఎవరూ చెప్పలేకపోయారు. విద్యార్థులారా, మీ పెట్టెల అడుగున ఉన్నదానిని తీసి కప్పుకొనండి. కుట్టినవారు ఇంకా ఉన్నప్పుడే, వెచ్చగా ఉన్నదని వారికి ఒక మాట చెప్పండి.