ఇల్లాలికి బాకీపడిన ప్రయాణం



గత రమజాను పండుగ తర్వాత ఒక రోజు మగ్రిబ్ నమాజు ముగించుకుని ఇంట్లో కూర్చున్నాము. నా భార్య మేనల్లుడు జపాన్‌లోని ఒసాకా నుంచి వీడియో కాల్ చేశాడు. అతనికి అక్కడ ఉద్యోగం. ఆ రోజు భార్యాబిడ్డలతో కలిసి ఉదయాన్నే రైలెక్కి కోబే నగరానికి వెళ్లాడట. అక్కడి మసీదులో జుహ్ర్ నమాజు చేసుకుని, మరో రైలులో నారా చేరి, అక్కడి ఉద్యానవనంలో తిరిగే జింకలకు పిల్లల చేత బిస్కట్లు తినిపించి, రాత్రికి ఇంటికి తిరిగి వచ్చారట.

కోబే మసీదు 1935లో వెలసింది. జపాన్ దేశంలో తొలి మసీదు అదే. 1945లో బాంబుల వర్షానికి నగరం కాలిపోయినప్పుడూ, 1995 భూకంపంలో చుట్టుపక్కల ఇళ్లు కూలినప్పుడూ అది నిలిచే ఉన్నది. మదర్సా పిల్లలకు చెప్పవచ్చునని ఈ సంగతులు నేను కాగితం మీద రాసుకుంటున్నాను. నా భార్య చూపు మాత్రం రైలు కిటికీ పక్కన కూర్చున్న ఆ అమ్మాయి ఫోటో మీదనే ఉన్నది.

ఫోను పెట్టేసిన తర్వాత, “ఏమండీ, మన మాచర్ల రైలు నేనింతవరకూ ఎక్కలేదు. సాగర్ కూడా చూడలేదు” అన్నది. కూరలో ఉప్పు సరిపోయిందా అని అడిగినంత మామూలుగా అన్నది. నాకు మాత్రం ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

మాకు వివాహమై ముప్పై రెండేళ్లు. ఈ కాలంలో జల్సాల పేరిట, సమావేశాల పేరిట నేను తిరిగిన ఊళ్లకు లెక్కలేదు. ప్రతిసారీ తెల్లవారుజామున లేచి రొట్టెలు చేసి మూటకట్టి ఇచ్చింది ఆమె. మా వెల్దుర్తి నుంచి మాచర్లకు బస్సున్నది. మాచర్ల దాటితే నాగార్జునసాగర్ ఎంతో దూరం కాదు. అయినా ఆమెను తీసుకువెళ్లలేదు. అడిగినప్పుడల్లా నా దగ్గర ఒక జవాబు సిద్ధంగా ఉండేది: మదర్సాకు సెలవు శుక్రవారమే, నాగార్జునకొండ మ్యూజియం మూసి ఉండేదీ శుక్రవారమే. మాట నిజమే. అయితే ఇతర పనులకు నేను ఎన్నోసార్లు సెలవు పెట్టాను. ఆమె కోసం ఒక్కసారీ పెట్టలేదు. నిజమైన మాటను కూడా సాకుగా వాడుకోవచ్చునని, అలా వాడుకున్నది నేనేనని ఆ రాత్రి గ్రహించాను.

డిసెంబరులో అవకాశం కలిగింది. పిడుగురాళ్లలో ఉండే మా అమ్మాయి ఇంటికి వెళ్లాము. శనివారానికి సెలవు అడిగి తీసుకున్నాను. ఆ ఉదయం అమ్మాయిని, మనుమలిద్దరినీ వెంటబెట్టుకుని మాచర్ల రైలెక్కాము. ఆమెను కిటికీ పక్కన కూర్చోబెట్టాను.

సున్నపు బట్టీలు దాటి రైలు నడికుడి చేరింది. గుంటూరు నుంచి వచ్చే దారి అక్కడ చీలి, ఒకటి హైదరాబాదు వైపు, ఒకటి మాచర్ల వైపు సాగుతుంది. హైదరాబాదు ప్రయాణాలలో ఎన్నో రాత్రులు గడిపిన ఆ ప్లాట్‌ఫారం నాకు కంఠతా వచ్చు. “మీరు రైలు కోసం కాచుకుని కూర్చునేది ఇక్కడేనా?” అని ఆమె తల బయటికి పెట్టి చూసింది. తరువాత గురజాల, ఎండలకు పేరుపడిన రెంటచింతల. దారి పొడవునా పత్తి, మిరప చేలు. ఈ పైర్లలో ఎన్నింటికో నీరిచ్చేది సాగర్ కుడికాలువేనని మనుమలకు చెప్పాను. 1955 డిసెంబరు 10న నెహ్రూ పునాదిరాయి వేయగా, 1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ కాలువలకు నీరు వదిలారు. “అప్పటికి నువ్వు పుట్టావా, నానా?” అని చిన్నవాడు అడిగాడు. లేదన్నాను.

మాచర్లలో దిగి, ఆటో మాట్లాడుకుని, లాంచీ వేళ తప్పకూడదని ముందుగా విజయపురి సౌత్‌కు వెళ్లాము. లాంచీ సాగుతుండగా, మన కాళ్ల కింద ఒక నగరం ఉన్నదని అమ్మాయికి చెప్పాను. ఇక్ష్వాకు రాజుల రాజధాని విజయపురి ఈ లోయలోనే ఉండేది. జలాశయంలో మునిగిపోకముందే 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, కొన్ని కట్టడాలను కొండ మీదికీ మరికొన్నింటిని అనుపు వద్దకూ తరలించి తిరిగి నిలబెట్టారు.

మ్యూజియంలో నన్ను ఆపివేసినవి శాసనాల సంగతులు. పదిహేడు వందల ఏళ్ల నాటి ఆ రాళ్లపై దాతలుగా కనిపించే పేర్లలో స్త్రీల పేర్లు ఎన్నో. మహాచైత్యాన్ని కట్టించినవారిలో ముఖ్యురాలు చాంతమూల మహారాజు సోదరి చాంతిసిరి. రాజులు యుద్ధాలు చేశారు, యాగాలు చేశారు. ఇంటి ఆడవారి దానధర్మాలను రాయి నేటికీ చెబుతున్నది. “ఆమె పేరైనా రాశారు” అన్నది నా భార్య. నేను మారు పలకలేదు. కొండ మీదనే చెట్టు నీడన చాప పరచి అందరమూ జుహ్ర్ నమాజు చేసుకున్నాము.

తిరుగుదారిలో ఎత్తిపోతల వద్ద ఆగాము. మాచర్ల పక్కన నిదానంగా పారే చంద్రవంక ఇక్కడ సుమారు డెబ్బై అడుగుల ఎత్తు నుంచి దూకుతుంది. పిల్లలు మెట్లు దిగి కిందికి పరుగెత్తారు. ఆమె రెండు మెట్లు దిగి, మోకాళ్లు పట్టుకుని ఆగిపోయింది. “పదేళ్ల కిందటైతే దిగేదాన్ని” అని నవ్వింది. నేనూ దిగలేదు. ఇద్దరమూ పైనుంచే జలపాతాన్ని చూశాము. ఆలస్యంగా తీర్చిన బాకీ పూర్తిగా తీరదని నాకు అక్కడ తెలిసింది.

దైవప్రవక్త (స) ప్రయాణమైనప్పుడు ఏ సతీమణి వెంట రావాలో చీటీ వేసి నిర్ణయించేవారు. ఒక ప్రయాణంలో హజ్రత్ ఆయిషా (రజి)తో పరుగుపందెం పెట్టుకున్నారు, ఆమె గెలిచారు. తరువాత మరొకసారి ఆయన గెలిచి, అది దీనికి బదులన్నారు. ఈ హదీసులను నేను తరగతిలో ఎన్నిసార్లు బోధించానో లెక్కలేదు. ఆచరించడానికి ముప్పై రెండేళ్లు పట్టింది.

పాఠకులారా, ఇది పెద్ద ఖర్చుతో జరిగిన విహారం కాదు. పాసింజరు రైలు, ఒక ఆటో, ఒక లాంచీ, ఇంటినుంచి తెచ్చుకున్న అన్నం. మీ ఇంట్లో ఎవరు ఏ దగ్గరి ఊరిని ఇంకా చూడలేదో ఈ నెలలో ఒకసారి అడగండి. మోకాళ్లలో సత్తువ ఉండగానే తీసుకువెళ్లండి.

ఇంటికి వచ్చాక ఆమె రైలు టిక్కెట్టును పారవేయలేదు. పెట్టెలో మా నికాహ్ కాగితాల పక్కన దాచుకున్నది. ఈసారి గుంటూరు వరకు వెళ్దామంటున్నది. ఇన్షా అల్లాహ్, వచ్చే నెల సెలవు ఇప్పుడే అడిగి పెట్టాను.