నాటు వేసే నడుముకు వైద్యమేదీ?

కొమురవెల్లి మల్లన్న జాతర సంక్రాంతి తర్వాత వచ్చే ఆదివారం మొదలై ఉగాది ముందు దాకా సాగుతుంది. ఒగ్గు పూజారులు పసుపు, కుంకుమ, పిండి పిడికిట పట్టి, వంగి పట్నాలనే ముగ్గులు వేస్తారు. జాతర తొలి వారాల్లోనే చుట్టుపక్కల మడుల్లో యాసంగి నాట్లూ పడుతుంటాయి. పట్నం కొన్ని గంటల పని. నాటు పొద్దుగూకేదాకా సాగుతుంది, అదీ రోజుల తరబడి. ఎడమచేతిలో నారు కట్ట, కుడిచేత్తో మొక్కలు గుచ్చుతూ, పిక్కల లోతు బురదలో వెనక్కి అడుగులు. ఎకరానికింత అని గుత్తకు ఒప్పుకున్నాక నడుమెత్తి నిలబడే తీరికెక్కడిది?

అలా పూర్తిగా వంగినప్పుడు వీపు కండరాలు దాదాపు పని మానేస్తాయి. మొండెం బరువంతా పూసలను కట్టి ఉంచే స్నాయువుల మీద, మధ్యనున్న డిస్కుల మీద పడుతుంది. సాగిన స్నాయువు మళ్లీ బిగువుకు రావడానికి గంటలు పడుతుంది. పైగా రాత్రి పడుకున్నప్పుడు డిస్కులు నీరు పీల్చుకుని ఉబ్బుతాయి కనుక, లేచిన కొత్తలో వంగితే వాటి మీద ఒత్తిడి మరీ ఎక్కువ. నాటు కూలీ వంగేది సరిగ్గా ఆ వేళకే.

ఆ కూలీ నొప్పి అంటే మాత్రం ‘వయసు మీద పడింది’ అని తేల్చేస్తారు. తర్వాత ఒక సూది, నాలుగు బిళ్లలు, ఒక నడుం బెల్టు. డబ్బుంటే ఎంఆర్ఐ. అందులో డిస్కు అరిగిందని రాగానే గుండె జారిపోతుంది. నిజానికి ఏ నొప్పీ లేని ఇరవయ్యేళ్ల వాళ్లలోనూ మూడో వంతు మందికి పైగా ఆ అరుగుదల కనిపిస్తుందని 2015లో ఒక సమీక్ష తేల్చింది. దీర్ఘకాల నడుం నొప్పికి బెల్టులు మామూలుగా వాడొద్దని, వ్యాయామం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 డిసెంబరులోనే చెప్పింది. మంచానికి అతుక్కుపోతే బిగుసుకోవడం ఇంకా పెరుగుతుంది.

అన్నీ పని నొప్పులే కావు. నలభై లోపు వాళ్లకు పొద్దున్నే అరగంటకు పైగా నడుము పట్టేసి, తిరుగుతుంటే సడలితే అది కీళ్లవాతం కావచ్చు. జ్వరం, బరువు తగ్గడం తోడైతే వెన్నుపూస క్షయను అనుమానించాలి. మూత్రం పట్టు తప్పినా, తొడల మధ్య తిమ్మిరెక్కినా ఆ రోజే పెద్దాసుపత్రికి పోవాలి.

నల్గొండలో ఫ్లోరైడ్ నీళ్లు వెన్నెముకలను కొయ్యబార్చాయి. వేరే నీళ్లు ఇవ్వాలని ప్రభుత్వం కదిలింది. ఇంటింటికీ తాగునీరిచ్చే మిషన్ భగీరథ 2016 ఆగస్టులో, కొమురవెల్లి ఉన్న ఇప్పటి సిద్దిపేట జిల్లాలోని కోమటిబండలో మొదలైంది. నీళ్ల వల్ల పోయిన నడుము ప్రజా సమస్య అయినప్పుడు, పని వల్ల పోయేది ఎవరి సొంత గోడు? మల్లన్న పేరుతోనే 2022లో 50 టీఎంసీల జలాశయం తెరుచుకుంది. నీళ్లొస్తే వరి, వరి అంటే నాట్లు. వెదజల్లే సాగు, నాటు యంత్రాలు నడుమును కాపాడతాయి, నిజమే. కూలీని కూడా మింగుతాయి. కాబట్టి యంత్రమొస్తుందిలే అని ఊరుకోకుండా, కనీసం నాట్ల కాలంలో మండలాల్లోని ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు వారానికోరోజు ఫిజియోథెరపిస్టును పంపాలి. గంటకోసారి ఒడ్డెక్కి నడుము చాపుకునే విరామాన్ని గుత్త మాటల్లోనే చేర్చుకోవాలి.