రిమోట్ కారు చక్రమూ, వృత్త కేంద్రమూ



మీ తరగతిలో ఒక పిల్లవాడు పుస్తకాల సంచిలో బొమ్మకారు చక్రాన్ని దాచుకొని బడికి తెచ్చాడనుకోండి. మీరేమి చేస్తారు? నేనేమి చేశానో ముందుగా చెప్పుకొంటాను. లాగుకొని బల్ల సొరుగులో పడవేశాను. హోసూరు ప్రాంతంలోని ఒక బడిలో, ఏడవ తరగతిలో, నేను సంధులు చెప్పుచుండగా వాడు బల్లక్రింద ఆ చక్రాన్ని ఒక బాల్‌పెన్ను రీఫిల్ ముక్కకు తొడుగుతున్నాడు. నాకు కోపం వచ్చినది. ఆ కోపం న్యాయమైనది కాదని ఇప్పుడు నా అభిప్రాయం. ఎందువలన కాదో చెప్పడానికే ఈ నాలుగు మాటలు.

తిరునాళ్ళలో కొన్న చిన్న రిమోట్ కారు అది. ఎడమవైపు వెనుక చక్రం నడిమి భాగం చీలిపోయినది. ఇరుసు తిరుగుతున్నది గాని చక్రం కదలడం లేదు. (వాడు మొదట 'యాక్సిల్' అన్నాడు, ఇంట్లో తాతగారు 'ఇరుసు' అన్నారట, మరునాటి నుండి వాడి నోట అదే మాట.) విడి చక్రం అంగడిలో దొరకదు. ఖరీదైన అభిరుచి కార్లలో ఈ బాధ తక్కువ. పదవ వంతు పరిమాణపు కార్లలో చాలావాటికి 12 మిల్లీమీటర్ల షడ్భుజ బిళ్ళ ఒక వాడుక కొలత. జపానులో తామియా సంస్థ 1982లో తెచ్చిన మినీ ఫోర్ డబ్ల్యూడీ బొమ్మలకు 2 మిల్లీమీటర్ల షడ్భుజ ఇరుసు. క్యోషో సంస్థ 1999లో తెచ్చిన మినీ-జెడ్, అనగా అసలు కారులో ఇరవై ఎనిమిదో వంతు బండి, దానికి రకరకాల వెడల్పుల చక్రాలు విడిగా అమ్ముతారు. మన తిరునాళ్ళ కారుకు అటువంటి కట్టుబాటేమీ లేదు. ఒకదాని చక్రం మరొకదానికి పట్టదు. పట్టేటట్లు చేసుకోవడమే మార్గం, లేదా పారవేయడం.

వాడు పారవేయలేదు. వేరొక విరిగిన కారు చక్రాలు సంపాదించాడు. వాటి రంధ్రం 3 మిల్లీమీటర్లు, తన ఇరుసు 2 మిల్లీమీటర్లు. మధ్యనున్న ఖాళీని పూడ్చడానికే ఆ రీఫిల్ ముక్క. ఆలోచన మంచిదే, కాని నిలువలేదు. రీఫిళ్ళు సాధారణంగా పాలీప్రొపిలీన్‌తో చేస్తారు. ఆ ప్లాస్టిక్కును మామూలు జిగురేదీ గట్టిగా పట్టుకోదు. బండి నాలుగడుగులు పోయి చక్రం మళ్ళీ జారింది.

తరువాతి ప్రయత్నంలో నేనూ ఉన్నాను. పశ్చాత్తాపమనుకోండి. రంధ్రం లోపలి గోడను ఆకురాయితో గీతలు పడేలా గీకి, ఎం-సీల్ ముద్ద కలిపి నింపి, ఒక రాత్రి ఆరనిచ్చాము. గీతలు ఎందుకంటే, ముద్ద అంటుకోకపోయినా ఆ గాళ్ళలో దిగి పట్టు చిక్కుతుంది. మరునాడు కొత్త రంధ్రం చేయాలి. ఎక్కడ? ఇక్కడే నా లెక్కల మిత్రుడు అవసరమైనాడు. చక్రాన్ని కాగితంపై పెట్టి చుట్టూ గీసి, ఆ వృత్తంలో రెండు జ్యాలు గీసి, వాటి లంబ సమద్విఖండన రేఖలు ఎక్కడ కలుసుకొంటాయో అక్కడ సూదితో గుచ్చమన్నాడు. ఆ కాగితాన్ని కత్తిరించి చక్రంపై అంటించి, 1.8 మిల్లీమీటర్ల పుల్లతో చేతి డ్రిల్లును మెల్లగా త్రిప్పి రంధ్రం చేశాము. కేంద్రం అర మిల్లీమీటరు తప్పినా, చక్రం తిరిగిన ప్రతిసారీ ఇరుసు ఎత్తు ఒక మిల్లీమీటరు మారుతుంది, బండి కుంటుతుంది. మొదటిసారి కుంటింది కూడా. ముద్ద తీసివేసి మళ్ళీ చేశాడు. ఈ పిల్లవాడు లెక్కలలో వెనుకబడినవాడని మేమందరమూ వ్రాసిపెట్టుకొన్నవాడని ఇక్కడ చెప్పక తప్పదు.

అసలు రుచి ఆ తరువాత. కొత్త చక్రం వ్యాసం 24 మిల్లీమీటర్లు, కుడివైపు పాతది 20. రిమోట్ ఎటూ త్రిప్పకపోయినా బండి కుడివైపునకే సుడి తిరుగుతున్నది. ఎందుకని అడిగాడు. రెండు చక్రాలూ ఒకే ఇరుసుపై బిగించినవి కనుక సమానంగా తిరుగుతాయి. ఒక చుట్టులో పెద్దది సుమారు 75.4 మిల్లీమీటర్లు పోతే చిన్నది 62.8 మాత్రమే పోతుంది. చక్రాల మధ్య దూరం 50 మిల్లీమీటర్లు. లోపలి వృత్తానికీ వెలుపలి వృత్తానికీ వ్యాసార్ధాల నిష్పత్తి 20కి 24, వాటి భేదం 50. కనుక 250, 300. చక్రాలు జారకపోతే, ముందు చక్రాలు అడ్డుపడకపోతే, ఆ వృత్తమే తిరగాలి. నమ్మకం కలగకపోతే కాగితపు టీకప్పును నేలపై దొర్లించి చూడండి. నిష్పత్తుల పాఠాన్ని ఇంతకన్న బాగా చెప్పిన పుస్తకం నేను చూడలేదు.

రెండవ చక్రం కూడా మార్చిన తరువాత బండి తిన్నగా పోయినది. కాని పెద్ద చక్రంతో వేగం ఐదవ వంతు పెరగవలసి ఉండగా, బండి గడప ఎక్కలేక మోటారు వేడెక్కసాగింది. పైకప్పు అంచు చక్రానికి రాసుకొన్నది. దానిని రెండు మిల్లీమీటర్లు ఆకురాయితో అరగదీయవలసి వచ్చినది.

ఇదంతా చదువుకు అడ్డని తల్లిదండ్రులు అంటారు. అదే తల్లిదండ్రులు విజ్ఞాన ప్రదర్శన వచ్చేసరికి అంగడిలో సిద్ధంగా ఉన్న నమూనాను కొని పిల్లవాని చేతికిస్తారు. దానిలో పిల్లవాడు చేసినదేమిటి? చెడగొట్టి బాగుచేసే అవకాశమైనా దానిలో లేదు. ప్రమాదం మాటకు వస్తే, ఆ భయం నిజమైనదే, నేను కాదనను. కత్తి, డ్రిల్లు పెద్దవారి ఎదుటనే పట్టాలి. చక్రాన్ని చేతిలో పట్టుకొని కాక, చెక్కపై బిగించి తొలచాలి. ఫెవిక్విక్ వంటి జిగురును దూదితోగాని నూలుగుడ్డతోగాని తుడువరాదు. అది దూదితో కలిసి చేయి కాలేటంత వేడిని పుట్టిస్తుంది. ఈ జాగ్రత్తలు చెప్పడానికి పది నిమిషాలు పడుతుంది, అంతే.

మా బడిలో ఇప్పుడు శనివారం చివరి గంటను ఇటువంటి మరమ్మతులకు ఇవ్వమని అడిగాను. ఇంకా అనుమతి రాలేదు. ఆ కారు ఈనాటికీ కొద్దిగా కుడికే లాగుతుంది; రెండవ రంధ్రం వెంట్రుకవాసి తప్పిందని వాడే కనిపెట్టాడు. నా సొరుగులో పడవేసిన చక్రాన్ని తిరిగి ఇవ్వబోతే, "ఉండనీయండి అయ్యవారూ, కొలతకు పనికి వస్తుంది" అన్నాడు.