పైసలు సర్కారువి, దవాఖాన ఎవరిది?

రోగమొస్తే ఖర్చు ఎవరు భరించాలి? వైద్యం ఎవరు చేయాలి? ఇవి రెండు వేర్వేరు ప్రశ్నలు. మన పాలకులు మొదటి ప్రశ్నకు జవాబు చెప్పి, రెండో ప్రశ్నను కార్పొరేట్ ఆసుపత్రుల గడప ముందు వదిలేశారు. లోకం ఏ దారిలో నడిచిందో చూస్తే మన దారి ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

బ్రిటన్‌లో ఖర్చు ప్రధానంగా సర్కారుదే, దవాఖానా సర్కారుదే. యుద్ధంలో చితికిపోయిన ఆ దేశం 1948 జూలై 5న జాతీయ ఆరోగ్య సేవను మొదలుపెట్టింది. దానికి ప్రాణం పోసిన మంత్రి అన్యూరిన్ బెవాన్ బొగ్గుగని కార్మికుడి కొడుకు, చిన్నతనంలో తానూ గనిలో దిగినవాడు. అక్కడ లోపాలు లేవని మేము అనం. 2023లో ఇంగ్లండ్‌లో చికిత్స కోసం ఎదురుచూసే జాబితా 70 లక్షలు దాటింది. క్యూ పొడవే, కానీ ఆపరేషన్ బిల్లు కట్టడానికి ఇల్లు తాకట్టు పెట్టే పని లేదు.

అమెరికాది ప్రైవేటు బాట. ముసలివాళ్లకు మెడికేర్, పేదలకు మెడికెయిడ్ 1965లో వచ్చాయి. మిగతావాళ్లలో ఎక్కువమందికి కొలువుతో వచ్చే బీమాయే దిక్కు. కొలువు పోతే అదీ పోతుంది. స్థూల దేశీయోత్పత్తిలో 17 శాతానికి పైగా వైద్యానికే పోస్తున్న ఆ దేశంలో 2023లో రెండున్నర కోట్ల మందికి పైగా ఏ బీమా లేదు.

జర్మనీది కలగలుపు పద్ధతి. 1883లో బిస్మార్క్ కాలంలో మొదలైంది. ఉద్యోగి, యజమాని చందా పంచుకుంటారు. దవాఖానల్లో సర్కారువి, ధర్మసంస్థలవి, ప్రైవేటువి అన్నీ ఉన్నాయి. అయితే ఆ చందాలు చేరే బీమా నిధులు లాభాపేక్ష లేనివి. ఏ చికిత్సకు ఎంత అన్నది ఆసుపత్రి యజమాని ఇష్టం కాదు. అంటే కలపడం తప్పు కాదు, పగ్గం వదిలేయడమే తప్పు.

మన సంగతేంది? 2007లో ఉమ్మడి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ వచ్చింది. పేదోడి గుండెకు ఆపరేషన్ జరిగింది, కాదనలేం. 2023 డిసెంబరులో తెలంగాణ సర్కారు పరిమితిని 10 లక్షలకు పెంచింది. కానీ ఖజానా సొమ్ములో పెద్ద వాటా ప్రైవేటు ఆసుపత్రులకు పోయింది. బకాయిలు రాలేదని 2025లో అవే ఆసుపత్రులు సేవలు ఆపేస్తే నడుమ నలిగింది రోగి. షుగరుకు, బీపీకి నెలనెలా కొనే గోలీలు మాత్రం సొంత జేబు ఖర్చే. 2021-22 జాతీయ ఆరోగ్య లెక్కల ప్రకారం దేశంలో వైద్యానికయ్యే ఖర్చులో 39 శాతం జనం నేరుగా పెట్టుకున్నదే. 2020లో కరోనా ముంచుకొచ్చినప్పుడు దిక్కయింది గాంధీ దవాఖానే అన్న సంగతి అప్పుడే మరిచిపోయామా?

ప్రజారోగ్యం, ఆసుపత్రులు రాజ్యాంగంలో రాష్ట్ర జాబితాలోనివి. ఒక రాష్ట్రం తలుచుకుంటే ఏమవుతుందో కెనడాలోని సస్కాచెవాన్ చూపించింది. 1962లో అందరికీ వైద్య బీమా తెస్తే డాక్టర్లు 23 రోజులు సమ్మె కట్టారు. ప్రభుత్వం పథకాన్ని వదల్లేదు. నాలుగేండ్లకు దేశమే ఆ బాట పట్టి చట్టం చేసింది. 2014లో మన రాష్ట్రం మనకొచ్చింది. ఇక సాకు చెప్పడానికి ఎవరున్నారు?

హెల్త్ కార్డు చేతిలో ఉందని ఉద్యోగులు, వయసులో ఉన్నామని విద్యార్థులు ఊరుకోవద్దు. మేమడిగేది మూడే: ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు, మందులు ఉండాలి. జిల్లా దవాఖానలో ఖాళీలు నింపాలి. ప్రైవేటుకు ఇచ్చే ప్రతి రూపాయి లెక్క జనం ముందు పెట్టాలి. పైసలు మనవైనప్పుడు దవాఖాన కూడా మనదే కావాలి.